పట్టీరంపమునకు వచ్చు తెగుళ్లు – వాని నివారణ

ఒకప్పుడు గ్రామమునకు కావలసిన ఇనుపపని యంతయు కమ్మరి కొలిమి యొద్దనే ముగిసెడిది. నాగటి కఱ్ఱు, కొడవలి, గునపము, బండిచక్రపు పట్టా – ఇంతకు మించి పని యుండెడిది కాదు. నేడు కాలము మారినది. బోరింగు గొట్టములు, ట్రాక్టరు ట్రయిలరు చానెళ్లు, పాఠశాల గేటు, వీధిదీపపు స్తంభము, నీటిట్యాంకు నిచ్చెన – ఇవన్నియు ఇనుమును కొలిచి, కోసి, అతికి చేయవలసిన వస్తువులే. అందులకై అనేక గ్రామములలో వెల్డింగు పనిశాలలు వెలసినవి. కొన్నిచోట్ల యువకుల సంఘములు, సహకార సంఘములు కలిసి ఉమ్మడి పనిశాలలను నడుపుకొనుచున్నవి.

ఇట్టి పనిశాలలతో పంచాయతీకేమి సంబంధమని కొందరు సభ్యులు ప్రశ్నింపవచ్చును. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ చట్టము 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ సవరణవలన చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, రాష్ట్ర శాసనసభలు పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు గలవు. చిన్నతరహా పరిశ్రమలు, సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య, సమష్టి ఆస్తుల పోషణ ఆ పట్టికలోనివే. కావున ప్రజాధనముతో కొన్న యంత్రము చక్కగా నడచుచున్నదా, తుప్పుపట్టి మూలబడినదా అని విచారించుట సభ్యుల ధర్మమే.

ఇనుమును కోయు యంత్రములలో పట్టీరంపము ముఖ్యమైనది. పనివారు దీనిని బ్యాండ్‌సా అందురు. దీనికి తెగులు వచ్చినప్పుడు సాధారణముగా వినవచ్చు మాట యొక్కటే: “బ్లేడు మంచిది కాదండీ, క్రొత్తది తెప్పించవలెను.” క్రొత్త బ్లేడు వచ్చును. పదిదినములలో అదియు తెగును. మరల బిల్లు, మరల తీర్మానము. నిజమునకు బ్లేడు తెగుటయు, పండ్లు రాలుటయు, కోత వంకర పోవుటయు రోగములు కావు, రోగలక్షణములు మాత్రమే. అసలు కారణము బిగువులోనో, వేగములోనో, ఒత్తిడిలోనో, ఇనుమును బిగించిన తీరులోనో ఉండును. దానిని సవరింపక బ్లేడును మార్చుట, చెంబునకు చిల్లి యుండగా నీరు చాలదని బావికి పరుగెత్తుట వంటిది.

సభ్యులు స్వయముగా యంత్రమును నడుపనక్కరలేదు. కాని ఖర్చునకు సమ్మతించువారు ఏమి అడుగవలెనో తెలిసికొని యుండుట మంచిది. ఆ ఉద్దేశముతోనే ఈ పాఠము వ్రాయబడుచున్నది.

యంత్ర స్వరూపము

పట్టీరంపమునందు ముఖ్యముగా రెండు చక్రములుండును. ఒకదానిని మోటారు త్రిప్పును. రెండవది దానితోపాటు తిరుగును. రెండు కొనలు అతికి వలయముగా చేసిన సన్నని ఉక్కు బ్లేడు ఈ చక్రములమీద బెల్టువలె పరుగెత్తును. బ్లేడు ఒక అంచున పండ్లుండును. ఇనుమును వైసులో బిగింపగా, చక్రములతోకూడిన పైభాగము మెల్లగా దిగుచు ఇనుమును కోయును. కోతకు ఇరుప్రక్కల బ్లేడు ఊగిపోకుండ పట్టియుంచు సాధనములను గైడ్లందురు. బ్లేడును చల్లబరచుటకు నూనె కలిపిన నీరు ధారగా పడుచుండును.

ఈ భావన పాతదే. 1809లో ఇంగ్లాండునందు విలియం న్యూబెరీ అను నతడు దీనికి పేటెంటు పొందెను. కాని చక్రములపై మాటిమాటికి వంగియు తెగకుండునట్టి బ్లేడును చేయుట ఆ కాలమువారికి సాధ్యము కాలేదు. అతుకు నిలిచెడిది కాదు. ఆన్ పోలిన్ క్రెపిన్ అను ఫ్రెంచి వనిత అతుకు నిలుచునట్టి ఉపాయమును కనుగొని 1846లో పేటెంటుకు దరఖాస్తు చేసెను. ఆ తరువాతనే ఈ రంపము కార్ఖానాలలో వాడుకలోనికి వచ్చినది. నేటి మంచి బ్లేడులు రెండు లోహములతో చేయబడుచున్నవి: వెన్ను వంగు గుణముగల ఉక్కు, పండ్ల అంచు వేడికి ఓర్చు కఠినమైన ఉక్కు. ఇంత అభివృద్ధి జరిగినను, బిగువు తప్పిన బ్లేడు నేటికిని తెగుచునే యున్నది.

రాతిచక్రపు కోత యంత్రముతో పోల్చినచో దీనికి కొన్ని సుగుణములు గలవు. రాతిచక్రము సుమారు 3 మిల్లీమీటర్ల మేర ఇనుమును పొడిచేయును. పట్టీరంపపు కోత వెడల్పు సాధారణముగా ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. నిప్పురవ్వలు, చెవులు పగులు మోత ఉండవు. సక్రమముగా నడిపిన యెడల కోసిన ముఖము నునుపుగాను, తిన్నగాను వచ్చును.

మొదట ప్రాణరక్షణ

ఏ తెగులును పరీక్షింపవలసినను, ముందుగా మీట ఆపి, విద్యుత్తు తీసివేయవలెను. చక్రములు పూర్తిగా నిలిచిన పిదపనే మూతలు తెరువవలెను. బ్లేడును విప్పునప్పుడును ఎక్కించునప్పుడును దళసరి తోలు తొడుగులు, కంటి అద్దములు ధరింపవలెను. చుట్టగా కట్టిన బ్లేడు కట్టు విప్పగనే స్ప్రింగువలె విచ్చుకొని ముఖమునకు తగులును. అయితే యంత్రము నడచుచుండగా చేతితొడుగులు పనికిరావు. బ్లేడు తొడుగును పట్టినచో చేతినికూడ లాగికొనును. వ్రేలాడు కండువా, వదులు చొక్కా చేతులు, ధోవతి చెంగు యంత్రము దరి చేరరాదు. రజనును చేతితో గాని నోటితో ఊది గాని తీయరాదు, కుంచెతో తీయవలెను.

ఒకటవ తెగులు: కోత వంకర పోవుట

అన్నిటికంటె తరచుగా కనబడునది ఇదియే. దీనివలన కలుగు నష్టము మొదట కంటికి ఆనదు. 50 మిల్లీమీటర్ల గొట్టపు కోత 1 మిల్లీమీటరు మాత్రమే వాలినదనుకొందము. ఆ ముఖమునకు ఒకటిన్నర మీటరు పొడవుగల మరియొక గొట్టమును ఆనించి అతికినచో, దాని చివర 30 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవును. అట్టి చట్రముతో చేసిన పాఠశాల గేటు ఎన్నటికిని సరిగా మూయబడదు. మేస్త్రీ గోడను నిందించును, గోడ కట్టినవాడు గేటును నిందించును. దోషము మాత్రము ఇద్దరిదియు కాదు.

కోసిన ముక్కకు మూలమట్టము పెట్టి చూడవలెను. పైనుండి చూచినపుడు కోత ఏటవాలుగా నున్నచో, వైసు యొక్క కదలని దవడ బ్లేడునకు లంబముగా లేదన్నమాట. దానిని వదులుచేసి మూలమట్టముతో సరిచేయవలెను. కోత పైనుండి క్రిందికి దిగుచు తిన్నని వాలుగా నున్నచో, గైడ్లు బ్లేడును నిలువుగా పట్టుట లేదని తెలియవలెను. వాలు తిన్నగా గాక విల్లువలె వంగియున్నచో, బ్లేడు బిగువు చాలకపోవుట, ఒత్తిడి ఎక్కువగుట, పండ్లు అరిగిపోవుట అను మూడింటిలో నొకటి కారణము.

గైడ్ల నడుమ దూరము గూడ చూడవలెను. 5 సెంటీమీటర్ల కడ్డీని కోయుచు గైడ్లను 25 సెంటీమీటర్ల ఎడముగా నుంచినచో బ్లేడు నడుమ వంగక మానదు. గైడ్లు కోయు వస్తువునకు తగులకుండ, వీలైనంత దగ్గరగా నుండవలెను. ఇందులకు ఖర్చు లేదు. ఒక మర వదులుచేసి జరిపిన చాలును.

కోత ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు పోవుచున్నచో బ్లేడు పండ్లను పరిశీలింపవలెను. పండ్లు కొన్ని కుడికి, కొన్ని ఎడమకు కొద్దిగా వంచబడియుండును. ఆ వంపువలననే కోత బ్లేడు మందముకంటె వెడల్పుగా తెగి, బ్లేడు ఇరుకున పడకుండును. బ్లేడు ఎన్నడైన వైసుకు రాచుకొని ఒక ప్రక్క పండ్లు మొద్దుబారినచో, కోత పదునుగా మిగిలిన ప్రక్కకు లాగును. ఇట్టి బ్లేడునకు ఏ సవరణయు పనిచేయదు. దానిని తీసివేసి, రాపిడికి కారణమైన భాగమును సరిచేసిన పిదపనే క్రొత్తది ఎక్కింపవలెను.

రెండవ తెగులు: పండ్లు రాలుట

బ్లేడులు అంగుళమునకు ఇన్ని పండ్లని లెక్కించి అమ్మబడును. ఏ పనికి ఎన్ని పండ్ల బ్లేడు అను విషయమున ఒక సులభసూత్రము గలదు: కోత జరుగుచున్నంతసేపు కనీసము మూడు పండ్లయినను లోహమునందుండవలెను. అంతకు తక్కువైనచో సన్నని అంచు రెండు పండ్ల నడుమ దూరి, పండును విరుచును. ఆరు మొదలు పండ్రెండు పండ్ల వరకు లోహమునందున్నచో పని చక్కగా సాగును.

ఉదాహరణకు, 3 మిల్లీమీటర్ల మందముగల పలకను తీసికొందము. అంగుళమునకు 10 పండ్ల బ్లేడులో రెండు పండ్ల నడిమి దూరము సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అనగా ఒక్క పండు మాత్రమే పలకలో నుండును. అది రాలుట నిశ్చయము. 24 పండ్ల బ్లేడులో ఆ దూరము సుమారు 1 మిల్లీమీటరు. మూడు పండ్లు పనిచేయును. దీనికి భిన్నముగా 50 మిల్లీమీటర్ల నిండుకడ్డీకి 24 పండ్ల బ్లేడు వాడినచో సుమారు 47 పండ్లు ఒకేసారి లోపల నుండును. పండ్ల నడిమి సందులు రజనుతో నిండి, బ్లేడు కోయక రాచుకొనుచు వేడెక్కును. ఈ కడ్డీకి 6 పండ్ల బ్లేడు తగినది. అందు సుమారు 12 పండ్లు పనిచేయును. గొట్టములకును కడ్డీలకును ఒకే బ్లేడు వాడుట పొదుపు కాదు, దుబారా.

ఇనుమును బిగించు తీరులోను జాగ్రత్త వలయును. యాంగిలును మూల పైకి వచ్చునట్లు, ఇంటికప్పువలె బోర్లించి బిగింపవలెను. బద్దను అంచుమీద నిలువబెట్టక వెడల్పుగా పరుండబెట్టవలెను. అప్పుడు ఎక్కువ పండ్లు పనిని పంచుకొనును. పొట్టిముక్కను వైసు ఒక చివర బిగించినచో దవడ ప్రక్కకు ఒరగి పట్టు సడలును; రెండవ చివర అంతే మందముగల మరియొక ముక్కను పెట్టి బిగింపవలెను. నడుమ ముక్క కదలినచో పండ్లు వరుసగా రాలును.

మరియొక పొరపాటు తరచుగా జరుగుచుండును. కోత సగములో పాత బ్లేడు చెడిపోగా, క్రొత్త బ్లేడు ఎక్కించి అదే కోతలో దించుదురు. పాత బ్లేడు పండ్లు అరిగి యుండుటచే ఆ కోత ఇరుకుగా నుండును. క్రొత్తది అందులో చిక్కుకొని మొదటి నిమిషముననే పండ్లు పోగొట్టుకొనును. ముక్కను త్రిప్పి రెండవ ప్రక్కనుండి క్రొత్త కోత ప్రారంభింపవలెను. ప్రారంభమున రంపపు తలను ఒక్కసారిగా పడవేయరాదు. పట్టి మెల్లగా దింపవలెను.

గ్రామములలో ముఖ్యముగా గమనింపవలసిన విషయమొకటి గలదు. పాత లారీల కమాను పట్టీలు, బేరింగుల రింగులు పనిముట్లు చేయుటకు వచ్చుచుండును. ఇవి గట్టిపరచిన ఉక్కు. అనుమానము కలిగినప్పుడు ఆకురాయితో అంచును గీచి చూడవలెను. ఆకురాయి పట్టి రజను రాలినచో రంపము కోయగలదు. జారిపోయినచో దానిని పట్టీరంపముమీద పెట్టరాదు. కమ్మరి కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, మెల్లగా చల్లార్చి మెత్తబరచిన పిదపనే కోయవలెను. కావున కొలిమికిని పట్టీరంపమునకును వైరము లేదు. రెండింటికిని పొత్తు కలదు.

మూడవ తెగులు: బ్లేడు తెగుట

తెగిన బ్లేడును పారవేయక ముందు, అది ఎక్కడ తెగినదో చూడవలెను. సరిగా అతుకువద్దనే తెగినచో అతుకు దోషముండవచ్చును. అట్టి బ్లేడును అమ్మినవానికి చూపి అడుగుట న్యాయము. అతుకు చెక్కుచెదరక మరియొకచోట తెగినచో, అమ్మినవానిని నిందించుటకు ముందు యంత్రమును పరీక్షింపవలెను.

చీలిక బ్లేడు వెన్నునుండి బయలుదేరినచో, వెన్నును కాచు బేరింగు తిరుగుట మానినదనియో, ఒత్తిడి మితిమీరినదనియో, వెన్ను చక్రపు అంచునకు రాచుకొనుచున్నదనియో ఊహింపవలెను. వెన్ను నునుపుగా మెరయుచు అంచున గరుకు దేరియుండుట దీనికి సాక్ష్యము. చీలిక పండ్ల మొదలునుండి బయలుదేరినచో, బిగువు గాని ఒత్తిడి గాని హెచ్చైనదని, లేదా బ్లేడు తన ఆయుష్షును పూర్తిచేసికొని అలసినదని గ్రహింపవలెను.

పని ముగిసి యంత్రము చాలకాలము ఊరక యుండునప్పుడు బిగువును సడలింపవలెను. రాత్రింబవళ్లు బిగించియుంచిన బ్లేడు, చక్రముల వంపునకు లోబడి అలసిపోవును. సడలించిన సంగతి మరువకుండ ఒక అట్టముక్కపై వ్రాసి మీటకు తగిలించుట మంచిది. లేనిచో మరునాడు వదులు బ్లేడుతోనే పని మొదలుపెట్టుదురు.

నాలుగవ తెగులు: బ్లేడు చక్రమునుండి జారుట

దీనికి మొదటి కారణము బిగువు చాలకపోవుట. బిగువును తెలుపు ముల్లు యంత్రమునకున్నచో యంత్రముతో వచ్చిన పుస్తకములో చెప్పినట్లు బిగింపవలెను. రెండవ కారణము చక్రములపై పేరుకొనిన రజను. బ్లేడును శుభ్రపరచుటకు యంత్రమునందు తీగకుంచె యుండును. అది అరిగిపోయినను పట్టించుకొనువారు తక్కువ. రజను చక్రముమీదికి పోయి, బ్లేడు క్రింద చేరి, దానిని ప్రక్కకు నెట్టును. చిన్నకుంచెను మార్చుటకగు వ్యయము ఒక బ్లేడు వ్యయములో కొద్దిభాగమే.

మూడవ కారణము చక్రపు వాలు. మోటారుకు సంబంధింపని చక్రమును కొద్దిగా వాల్చుటకు మరలుండును. బ్లేడు వెన్ను చక్రపు అంచుకట్టకు దగ్గరగా, అయినను గట్టిగా రాచుకొనకుండ నడచునట్లు సరిచేయవలెను. ఈ సవరణ అనుభవము గలవాడే చేయవలెను; మరను ఒకేసారి చాల త్రిప్పరాదు.

ఐదవ తెగులు: పదును త్వరగా పోవుట

“నిన్న ఎక్కించిన బ్లేడు నేడు కోయుట లేదు” అను ఫిర్యాదు వచ్చినచో మొదట చూడవలసినది బ్లేడు ఎక్కించిన దిక్కు. పండ్ల మొనలు బ్లేడు పరుగెత్తు దిశకు చూచుచుండవలెను. బ్లేడును తలక్రిందుగా, లోపలిది వెలుపలికి త్రిప్పి ఎక్కించుట సులభముగా జరుగు పొరపాటే. ఇంకొకటి: మూడు ఫేజుల మోటారునకు క్రొత్తగా తీగలు కలిపినపుడు రెండు తీగలు తారుమారైనచో మోటారు వెనుకకు తిరుగును. బోరు మోటారు విషయమున రైతులెల్లరు ఎరిగిన సంగతియే యిది. రంపము కూడ వెనుకకు తిరుగుచు, పండ్ల వీపుతో ఇనుమును రుద్దుచుండును. విద్యుత్ మరమ్మతు జరిగిన ప్రతిసారి మోటారు తిరుగు దిక్కును సరిచూడవలెను.

పిదప వేగము. రెండు లోహముల బ్లేడుతో, నూనెనీటి ధారలో మెత్తని ఉక్కును కోయుటకు నిమిషమునకు 60 నుండి 80 మీటర్లు సాధారణముగా తగిన వేగము. స్టెయిన్‌లెస్ ఉక్కునకు 25 నుండి 40 మీటర్లు చాలును. చాలిన ధార లేని చిన్న యంత్రములపై ఇంకను తగ్గింపవలెను. వేగమును కొలుచుటకు ఖరీదైన పరికరము లేకున్నను కొలువవచ్చును. యంత్రము నిలిచియున్నప్పుడు బ్లేడు మీద ఒకచోట సుద్దగుర్తు పెట్టి, మూతలు మూసి, ఇనుము లేకుండ వట్టిగా నడిపి, ఆ గుర్తు కోయుచోటును నిమిషమునకు ఎన్నిసార్లు దాటునో లెక్కింపవలెను. బ్లేడు పొడవు 3 మీటర్లై, గుర్తు 22 సార్లు దాటినచో వేగము 66 మీటర్లు. పుల్లీల మెట్లపై బెల్టును మార్చి వేగమును తగ్గింపవచ్చును, పెంపవచ్చును.

స్టెయిన్‌లెస్ ఉక్కునకు ఒక ప్రత్యేక స్వభావము గలదు. బ్లేడు కోయక ఊరక రాచుకొనినచో రాచిన చోటు మరింత గట్టిపడును; ఆపై ఏ పండును దిగదు. కావున దానికి వేగము తక్కువగాను, ఒత్తిడి నిలకడగాను ఉండవలెను.

క్రొత్త బ్లేడును మొదటిరోజే పూర్తి పనిలో పెట్టరాదు. క్రొత్త ఎద్దును తొలిరోజే బరువుబండికి కట్టము గదా. పండ్ల మొనలు మిక్కిలి సన్నగా నుండుటచే, మొదటి ఒత్తిడికే విరుగును. 50 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు కడ్డీలో సుమారు ఇరువది కోతలవరకు సగము ఒత్తిడితో కోసి, ఆపై క్రమముగా పెంచిన యెడల బ్లేడు చాలకాలము మన్నును.

రజను చెప్పు సాక్ష్యము

యంత్రము సరిగా నడచుచున్నదో లేదో తెలిసికొనుటకు సభ్యులకు అన్నిటికంటె సులభమైన మార్గము రజనును చూచుట. రజను వదులుగా చుట్టలు తిరిగి, ఇనుపరంగుననే యున్నచో అంతయు క్షేమము. సన్నని పొడిగా రాలుచున్నచో ఒత్తిడి చాలదు. పండ్లు కోయక రుద్దుచున్నవి. దళసరిగా, కాలి నీలిరంగు తిరిగియున్నచో ఒత్తిడి గాని వేగము గాని ఎక్కువైనది, లేదా ధార కోతను చేరుట లేదు. పోతయినుము మాత్రము పొడిగానే రాలును. దానిని నూనెనీరు లేకుండనే కోయుట వాడుక.

యంత్రము కీచుమని అరచుచున్నచో వేగము హెచ్చై, ఒత్తిడి తగ్గినదనుకొనవచ్చును. గడగడ వణకుచున్నచో వైసు పట్టును, పండ్ల సంఖ్యను చూడవలెను. మోటారు తిరుగుచు బ్లేడు మాత్రము నిలిచిపోవుచున్నచో బెల్టు జారుచున్నదో, చక్రముపై బ్లేడే జారుచున్నదో తెలిసికొనవలెను.

నూనెనీరు, వ్యర్థములు

నూనెను నీటిలో కలుపవలెను గాని నీటిని నూనెలో పోయరాదు. అట్లు పోసినచో సరిగా కలియక విరిగిపోవును. సాధారణముగా 10 మొదలు 20 పాళ్ల నీటికి ఒక పాలు నూనె వాడుదురు. డబ్బాపై నున్న సూచనను అనుసరించుట మేలు. ఎండకాలమున నీరు ఆవిరియై మిశ్రమము చిక్కబడును. దుర్వాసన వచ్చినచో తొట్టి కడిగి క్రొత్తది నింపవలెను.

ఆ పాతనీటిని పంటకాలువలోనో చెరువులోనో పారబోయుట తగదు. పంచాయతీ ఈ విషయమున కఠినముగా నుండవలెను. ఇట్లే రజనును, తెగిన బ్లేడు ముక్కలను పెంటకుప్పలపై గాని పశువుల బీడులో గాని వేయరాదు. పశువులు మేతను నమలకముందే మ్రింగును. మేతతో లోనికి పోయిన వాడి ఇనుపముక్క వాని రెండవ పొట్టను పొడిచి, ఒక్కొక్కప్పుడు గుండెవరకు చొచ్చుకొనిపోయి, పాడిపశువు ప్రాణమును తీయగలదు. మూతగల డబ్బా ఒకటి పెట్టి, నిండినప్పుడు పాత ఇనుము వర్తకునకు అమ్మినచో పశువులకు రక్షణయు, పనిశాలకు కొంత రాబడియు కలుగును.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

పనిశాలకు ఒక చిన్న పుస్తకము ఉండవలెను. బ్లేడు ఎక్కించిన తేదీ, పండ్ల సంఖ్య, కోసిన వస్తువులు, బ్లేడు తీసివేసిన తేదీ, తీసివేసిన కారణము అందు వ్రాయవలెను. క్రొత్త బ్లేడుకై కోరిక వచ్చినప్పుడు పాత బ్లేడును బల్లపై పెట్టించి ఈ ప్రశ్నలడుగవలెను:

1. ఇది ఎక్కడ తెగినది? అతుకువద్దనా, వెన్నునా, పండ్ల మొదటనా?

2. చివరిసారి ఏమి కోసినారు? గొట్టమా, నిండుకడ్డీయా, కమాను పట్టీయా? దానికి తగిన పండ్ల సంఖ్యయేనా?

3. గైడ్లు, వైసు, తీగకుంచె ఎప్పుడు చూచినారు? రజను ఏ రూపమున పడుచున్నది?

4. పని ముగిసిన పిదప బిగువు సడలించుచున్నారా?

ఈ ప్రశ్నలు పనివానిని తప్పుపట్టుటకు కావు. అతడు ఎరిగిన విషయమును నలుగురి యెదుట చెప్పుటకు అవకాశమిచ్చుటకే. చాలచోట్ల యంత్రమునకు వచ్చిన దోషమును పనివాడు ముందే గుర్తించియుండును. అడుగువారు లేక ఊరకుండును. అరిగిన బేరింగు మార్చుమని అతడు కోరినప్పుడు, చిన్నఖర్చని త్రోసిపుచ్చక వెంటనే మంజూరు చేయుట గూడ సభ్యుల బాధ్యతయే. చిన్నఖర్చును నిరాకరించి పెద్దఖర్చును మాటిమాటికి ఆమోదించుట పొదుపనిపించుకొనదు.

చెఱువుకట్టకు బుంగపడినప్పుడు వాననిందించి కూర్చుండము. బుంగ ఎక్కడనో వెదకి పూడ్చుదుము. యంత్రము విషయమునను అదే దృష్టి వలయును. కారణమును వెదకు అలవాటు ఒక్క పనిశాలలో నాటుకొనినచో, అది నీటిపంపు కడకును, వీధిదీపము కడకును, పాఠశాల కప్పు కడకును ప్రాకును. పంచాయతీ సభ్యులు వచ్చే సమావేశమునకు ముందే ఒకమారు తమ ఊరి పనిశాలకు పోయి, యంత్రము క్రింద రాలిన రజనును పరిశీలించి, పనివానితో పది నిమిషములు మాటలాడుదురు గాక. ఆ పది నిమిషములవలన ఒక బ్లేడు మిగులవచ్చును. ఒక మనిషి వ్రేలు మిగులవచ్చును.